కోసు లోపల

పోయిన నెలలో ఒక ఉదయం, ఉదయగిరిలో మా వీధిలో, ఒకే కేక రెండుసార్లు వినిపించింది. ఆమె చనిపోయిందని మాకు తెలిసింది అలాగే.

కొత్తవాళ్లకు ఇది అర్థం కాదు కనుక వివరంగా చెప్పాలి. మా పక్కింట్లో సాయిబుల దంపతులు ఉండేవారు. ఆయన మంచం మీద మనిషి. రోజంతా ఉండి ఉండి "ఓయ్" అని పిలిచేవాడు. ఆమె ఏ మూలనున్నా వెంటనే "హూఁ" అని పలికేది. ఆయన రెండోసారి పిలవవలసి రావడం నాకు తెలిసి రెండు రోజులు తప్ప ఎన్నడూ జరగలేదు. ఆ రెండు రోజుల సంగతి తర్వాత చెబుతాను. పోయిన నెల ఆ ఉదయం రెండో "ఓయ్" వినగానే నేను కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. ఎదురింటివాళ్లు బయటికి వచ్చారు. ఆమె అరుగు మీద గోడకు ఆనుకొని ఉంది. ఒళ్లో సగం చెక్కిన గరిటె ఉంది. ఉలి మాత్రం కింద పడి ఉంది.

ఆమె పేరు రాయను. దాచిపెట్టాలని కాదు. ఆ పేరు మా వీధిలో ఎవరి నోటా నేను వినలేదు. భర్తకు ఆమె "ఓయ్". వీధి మొదట్లో కిరాణా కొట్టు పెట్టుకున్న శెట్టికి "ఏమ్మా". పిల్లలు లేరు కనుక ఫలానావాళ్ల అమ్మ అని చెప్పడానికీ లేదు. నాకంటే బాగా చిన్నది కాబట్టి నేను "అమ్మాయ్" అనేదాన్ని. నేను ఆడపిల్లల స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి ఆమె నన్ను టీచరమ్మా అనేది.

ఆమెను తలుచుకుంటే నాకు మొదట గుర్తొచ్చేది ఎడమ చెవి. కొంగు తల మీదుగా కప్పుకునేది కానీ ఆ చెవిని మాత్రం ఎప్పుడూ బయటే ఉంచేది. అరుగు మీద ఇంటి వాకిలి ఎడమకు వచ్చేలా కూర్చుని చెక్క పని చేసేది. గరిటెలు, స్పూన్లు, దువ్వెనలు. ఉలి దెబ్బకూ దెబ్బకూ నడుమ కొంచెం ఆగేది. మొదట్లో అది పనిలో జాగ్రత్త అనుకున్నాను. మాట్లాడేటప్పుడూ అంతే, రెండు మూడు మాటలు అని ఆగేది. ఆ సందులో ఆమె లోపలికి చెవి పెట్టి వింటున్నదని అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది.

వాళ్లింట్లో మిక్సీ ఉండేది, దాని మీద గుడ్డ కప్పి ఉండేది. పచ్చడి రోట్లోనే నూరేది.

"చేతులు నొప్పులంటావు, ఆ మిక్సీ ఎవరికోసం దాచిపెట్టావు?" అని ఒకసారి అడిగాను.

"అది తిరిగితే ఆయన కేక ఇనపడదు టీచరమ్మా. రోలైతే నేను ఆపితే ఆగుతాది."

"మిక్సీ కూడా ఆపితే ఆగుతుంది."

"ఎప్పుడు ఆపాలో తెలియాల గదా."

వీధిలో పెళ్లి మేళం వచ్చినా, వినాయకుడి ఊరేగింపు వచ్చినా, అందరూ చూడడానికి బయటికి వస్తే ఆమె లోపలికి పోయి భర్త మంచం దగ్గర నిలబడేది. మేళం మలుపు తిరిగాక మళ్లీ అరుగు మీదికి వచ్చేది.

ఆయన పుట్టు రోగి కాదు. గరిటెల చెక్క కోసం దుర్గం కొండ వైపు వెళ్లి, వాలులో కాలు జారి పడ్డాడు. నడుము విరిగింది. పొద్దున పడినవాడు, మరుసటి రోజు మేకలవాళ్లు చూసేదాకా అక్కడే పడి అరుస్తూ ఉన్నాడు. ఎవరూ వినలేదు. నెల్లూరు పెద్దాసుపత్రిలో ప్రాణం మిగిల్చారు, కాళ్లు మిగల్చలేదు. గొంతు మాత్రం ఎప్పటిలాగే ఉంది. ఇంటికి వచ్చిన నాటి నుంచి ఆయన పిలవడం మొదలుపెట్టాడు. మంచినీళ్ల కోసమో, పక్కకు తిప్పమనో పిలిచే పిలుపులు కొన్ని. ఎక్కువ పిలుపులకు పని ఏమీ ఉండేది కాదు. "ఓయ్" అంటాడు, "హూఁ" అంటుంది, అంతే. వాళ్ల ఉర్దూలో ఆ "హూఁ"కు మనం ఊఁ కొట్టినట్టే కాక "ఉన్నాను" అని కూడా అర్థమట. ఆయనకు కావలసింది ఆ రెండోది.

వీధిలోవాళ్లు ఆయన్ని తిట్టుకునేవారు. నేనూ లోపల తిట్టుకున్నాను. ఆమె తిట్టనిచ్చేది కాదు. "కొండ కింద అరిచి అరిచి వచ్చినాడు. ఆ కేకలన్నిటికీ నేను ఇప్పుడు బదులు చెప్తుండా" అని నవ్వేది.

అందువల్ల ఆమె తిరిగే నేలకు ఒక హద్దు ఏర్పడింది. ఒక పక్క మసీదు మలుపు, ఇంకో పక్క శెట్టి కొట్టు మెట్టు. ఆ మెట్టు దిగితే బజారు, ఆటోల మోత, కేక వినపడదు. పిండి మర హద్దు లోపలే ఉన్నా దాని చప్పుడు వల్ల అక్కడికీ పోయేది కాదు. ఆమె రాగులు నేనే ఆడించుకొచ్చేదాన్ని. కూరగాయల బండివాళ్లు ఆమె కోసం మెట్టు దాకా వచ్చేవారు.

శెట్టి ఎగతాళి చేసేవాడు. "ఏమ్మా, ఇంకొక్క మెట్టు దిగు. భూమి మింగేస్తాదా ఏంది?"

"దిగుతాలే శెట్టీ. నేను వచ్చేదాకా నువ్వు పొయ్యి మా ఇంట్లో హూఁ అంటా కూర్చుంటావా?"

"నా గొంతుకు మీ సాయిబు మంచం దిగి పారిపోతాడు."

"పారిపోతే మంచిదే గదా. కాళ్లొచ్చినట్టే."

ఇద్దరూ నవ్వుకునేవారు. తర్వాత ఆమె ఎడమ చెవి ఇంటివైపు తిప్పి, సరుకుల సంచీ తీసుకుని వచ్చేసేది.

ఇక కోసు మాట. ఆమె పుట్టిల్లు ఆత్మకూరు. ఒకరోజు అరుగు మీద మాటల్లో "మా నాయన ఉదయగిరికీ ఆత్మకూరికీ పదహారు కోసులు అనేవాడు. ఎద్దుల బండిలో ఒక దినం దారి" అంది. కోసు అంటే ఎంత అని అడిగాను. తెలియదంది. కొలత పేరు వాడుతూ కొలత తెలియకపోవడం నాకు సహించదు. ఇంటికి వెళ్లి పుస్తకాలు తిరగేశాను. ఒకదాంట్లో రెండు మైళ్లు అని ఉంది. ఇంకోదాంట్లో రెండుకు పైన. మరొకదాంట్లో ఊరిని బట్టి మారుతుందని ఉంది. నాకు ఒళ్లు మండింది. కొలత అన్నాక ఎవరు కొలిచినా, ఎక్కడ కొలిచినా ఒకటే రావాలి కదా.

అర్థం వెతికితే సంగతి తేలింది. హిందీలో, ఉర్దూలో ఉన్న ఈ కోస్ సంస్కృతపు క్రోశం అనే మాట జనం నోళ్లలో అరిగి వచ్చింది. మన పాతవాళ్లు క్రోసు అన్నదీ అదే. నాలుగు క్రోసులు ఒక ఆమడ. మా అవ్వ కలువాయికి ఎంత దూరమో ఆమడల్లోనే చెప్పేది. అంతవరకు నాకు తెలుసు. తెలియనిదల్లా, క్రోశం అంటే కేక అని. ఆక్రోశం అన్న మాటలో ఉన్నది అదే. మనిషి గొంతెత్తి అరిస్తే ఎంత దూరం వినపడుతుందో అంత దూరం కోసు. ఇక ఊరిని బట్టి మారక ఏమవుతుంది? గొంతును బట్టి మారుతుంది, గాలిని బట్టి మారుతుంది.

మరుసటి రోజు ఆమెకు చెప్పాను. స్కూల్లో చెప్పినట్టే చెప్పాను, కొత్త సంగతి దొరికిన సంబరంలో. ఆమె ఉలి ఆపి విన్నది.

"గాలి అటు తిరిగితే సాగుతాది," అంది నెమ్మదిగా. "వానొస్తే కురచైతాది. వాన నాడు నేను శెట్టి కొట్టు దాకా కూడా పోను."

"ఇంత మోతలో రెండు మైళ్లు వినపడే గొంతు ఎవరికుంది? అప్పట్లో మోటార్లు లేవు, మైకులు లేవు. కోసు పెద్దదిగా ఉండేది."

ఆమె సగం చెక్కిన గరిటెను తిప్పి తిప్పి చూసింది. లోపలి నుంచి "ఓయ్" వచ్చింది. "హూఁ" అంది. ఆ తర్వాత నా వైపు తిరిగింది.

"అయితే టీచరమ్మా, ఆయన పడినకాణ్ణించి నేను ఒక్క కోసు కూడా దాటలేదన్నమాట."

అన్నాళ్లూ ఆమె తన హద్దును హద్దు అని అనుకున్నట్టు లేదు. ఆ రోజు దానికి పేరు దొరికింది. పేరు దొరికాక అది కనబడడం మొదలైంది.

ఆత్మకూరులో ఆమెకు ఒక అక్క ఉండేది. తల్లి లేని పిల్లను ఎత్తుకుని పెంచిన అక్క. అదివరకు అక్కే ఏడాదికి రెండుసార్లు బస్సెక్కి వచ్చి చూసిపోయేది. ఆ అక్కకు గొంతులో పుండు లేచి, మద్రాసులో ఆపరేషన్ చేశారు. మాట పోయింది. ప్రయాణం చేసే బలం కూడా పోయింది. అక్క కొడుకు ఒక సెల్‌ఫోను కొని తెచ్చి ఈమె చేతిలో పెట్టాడు. ఆయనకు ఇంకొకటి ఇచ్చాడు.

"పిన్నమ్మా, నేను ఫోన్ చేసి అమ్మ చెవి దగ్గర పెడితే నువ్వు మాట్లాడొచ్చు. కానీ ఆమె నీతో మాట్లాడాలంటే నువ్వే రావాల. బాబాయ్ ఎప్పుడు పిలిచినా ఫోన్‌లో పలుకు. ఇంకేంది?"

వీధిలో అందరూ సంతోషించారు. శెట్టి అయితే "ఇంక నీ కోసు మెడరాసు దాకా పోతాది" అన్నాడు. కోసు మాట అప్పటికే వీధిలో అందరికీ తెలిసిపోయింది.

ఆమె లేనంతసేపు ఆయన దగ్గర కూర్చోవడానికి నేను ఒప్పుకున్నాను. ఆమె పొద్దున బస్సుకు బయలుదేరింది. ఆయన "ఓయ్" అన్నాడు. "ఉన్నానయ్యా, ఏం కావాలి?" అన్నాను. ఇంకోసారి "ఓయ్" అన్నాడు. మళ్లీ పలికాను.

"మీరు గాదు," అన్నాడు ఆయన, మర్యాదగానే. దిండు పక్కనున్న ఫోను తీసుకున్నాడు.

మధ్యాహ్నం కాకముందే ఆమె తిరిగి వచ్చింది. దారి మధ్యలో దుత్తలూరులో దిగి, ఇటు వచ్చే బస్సు ఎక్కిందట. సాయంత్రం అరుగు మీద చెప్పింది.

"నన్ను రమ్మని ఒక్క ముక్క అనలేదు టీచరమ్మా. ఓయ్ అన్నాడు. నేను బస్సులో హూఁ అన్నా. అందరూ తిరిగి చూసినారు. పెట్టేసినాడు. మళ్లీ చేసినాడు. బస్సు దూరం పోయేకొద్దీ గొంతు చిన్నదైతాది అనుకున్నా. కాలా. ఇంట్లోకంటే దగ్గిరగా, చెవులోనే ఉండాడు."

"ఎత్తకుండా ఉండాల్సింది."

"మోగుతుంటే ఎట్ట ఎత్తకుండా ఉండేది? ఇంతకు ముందు కోసుకు ఒక కొస ఉండేది, శెట్టి కొట్టు మెట్టు. ఇప్పుడు కొసే లేకుండా పోయినాది. నేను యాడికి పోయినా లోపలే."

నాకు లెక్క తెలుసు, ఆత్మకూరు ఎంత దూరమో కిలోమీటర్లలో చెప్పగలను. ఆ సాయంత్రం ఆ లెక్క వల్ల ఆమెకు ఏ ఉపయోగమూ లేకపోయింది.

వానలు వెళ్లాక అక్క కొడుకు మళ్లీ ఫోన్ చేశాడు. అక్క అన్నం మానేసింది, రోజూ వీధి గుమ్మం వైపు చెయ్యి చూపిస్తోందట. ఆ రోజంతా ఆమె చెక్క ముట్టుకోలేదు. మరునాడు నా దగ్గరికి వచ్చి "రేపు ఇంకొక్కసారి కూర్చోండి టీచరమ్మా" అంది. "ఈసారి పోకుంటే ఇంక పోను."

బయలుదేరే ముందు ఆమె లోపల భర్తతో మాట్లాడడం అరుగు మీది నుంచి నాకు వినపడింది. వాళ్ల భాష నాకు పూర్తిగా రాదు. కోస్ అన్న మాట మాత్రం పట్టుకున్నాను. ఆమె బయటికి వచ్చి కొంగు సర్దుకుంది. ఆ రోజు ఎడమ చెవి కూడా కప్పుకుంది. నా వైపు చూడకుండా శెట్టి కొట్టు మెట్టు దిగి బజారులో కలిసిపోయింది.

కాసేపటికి ఆయన "ఓయ్" అన్నాడు. నేను పలకలేదు. పలికితే ఏమంటాడో తెలుసు. మళ్లీ అన్నాడు. తర్వాత ఫోను తీసి నొక్కాడు.

వంటింట్లో, ఉప్పు జాడీ పెట్టే గూట్లో, ఫోను మోగింది.

ఇద్దరం ఆ మోత వింటూ ఉన్నాం. అది దానంతట అది ఆగేదాకా ఆయన చేతిలో ఫోను అలాగే పట్టుకున్నాడు. నాకు భయం వేసింది, ఇప్పుడు కొండ కింద అరిచినట్టు అరుస్తాడని. ఆయన అరవలేదు.

"పెట్టేసి పోయిందా?" అన్నాడు.

"అవును."

"మీరు లెక్కల టీచరు గదా. ఇప్పుడు యాడుంటాది?"

గడియారం చూశాను. "దుత్తలూరు దాటి ఉంటుంది."

"అంత దూరం కేక పోదు."

"పోదు."

ఆయన చూపు పైకప్పు వైపు తిప్పాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. "ఆ పొద్దు కొండ కింద పడుకోని అరిచినా. కింద రోడ్డు మీద బస్సులు పోతా కనపడతాండాయి. మనుషులు ఎక్కేది, దిగేది కనపడతాండాది. నా గొంతు పోయి తగలడంలా. కండ్లకు కనపడేదానికంటే కోసు శానా చిన్నది టీచరమ్మా. ఆమెకు తెలుసు. అందుకే ఇన్నాళ్లూ దాటలా."

నేను మంచినీళ్లు ఇచ్చాను. తాగి, మళ్లీ ఫోను నొక్కాడు. గూట్లో మోగింది.

"ఎందుకయ్యా, అక్కడ మనిషి లేదు కదా?"

"తెలుసు. మోగనీండి. ఇంట్లో ఉన్నట్టుండాది."

మధ్యాహ్నమంతా ఉండి ఉండి మోగించాడు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఆమె వచ్చింది. ఇంటికి రాకముందే మాకు తెలిసింది. శెట్టి కొట్టు దగ్గర నుంచి, ఎవరూ పిలవకుండానే, "హూఁ" అని గొంతెత్తి అరిచింది. వీధిలో పిల్లలు నవ్వారు. మంచం మీద ఆయన కళ్లు మూసుకున్నాడు.

అక్కతో ఏం మాట్లాడావని అడిగాను.

"ఆమెకు గొంతు లేదు. నాకు మాట రాలా. చేతులు పట్టుకోని కూర్చున్నాము. వచ్చేటప్పుడు గుమ్మం కాడ కూర్చోబెట్టమని సైగ చేసింది. నేను నడిచి వస్తాంటే చప్పట్లు కొట్టింది, పిలిచినట్టు. నేను తిరిగి చూసేది, హూఁ అనేది. మలుపు దాకా ఇనపడినాయి." ఆగి, తన రెండు అరచేతులు చూసుకుంది. "మా అక్క కోసు అంతే టీచరమ్మా, మలుపు దాకే. అది దాటి వచ్చేసినా."

"ఇటు కోసు కూడా దాటావు కదా. ఎలా ఉండింది?"

"ఏం దాటినానో ఏమో. బస్సు హారన్ కొట్టినప్పుడల్లా హూఁ అంటానే ఉన్నా. పక్కన కూర్చున్నామె పిచ్చిదనుకోని లేచిపోయినాది."

ఆ నెల గడవకముందే అక్క పోయింది. కబురు వచ్చినప్పుడు ఈమె వెళ్లలేదు. చూడవలసింది చూసి వచ్చానంది. ఆ తర్వాత మళ్లీ ఎన్నడూ శెట్టి కొట్టు మెట్టు దిగలేదు. ఎడమ చెవి మళ్లీ బయటికి వచ్చింది. ఉలి దెబ్బల నడుమ ఆ ఆగడం మళ్లీ మొదలైంది, పోయిన నెల ఆగిపోయేదాకా.

ఇప్పుడు ఊళ్లోనే ఉన్న ఆయన తమ్ముడి ఇంటి నుంచి రెండు పూటలా అన్నం వస్తుంది. వాళ్లే వచ్చి ఒళ్లు తుడుస్తారు, పక్క మారుస్తారు. ఆయన ఇప్పటికీ పిలుస్తున్నాడు. రెండోసారి పిలవడం మాత్రం మానేశాడు. ఒక్క "ఓయ్". ఆ తర్వాత సరిగ్గా జవాబుకు పట్టేంత ఖాళీ. ఆ ఖాళీ మా ఇంట్లోకి కూడా వస్తుంది, గోడ ఒకటే కనుక.

నేను పలకలేదు. "హూఁ" అన్న మాటకు ఉన్నాను అని అర్థం. ఉన్నది ఆమె కాదు. లేని మనిషి బదులు ఉన్నానని చెప్పడం అబద్ధమని నా మనసుకు తోచింది.

ఈ నెల నేను ఆత్మకూరు వెళ్లాలి. నా పింఛను అక్కడి బ్యాంకులో ఉంది. ఏడాదికొకసారి స్వయంగా వెళ్లి బతికే ఉన్నానని చూపించి రావాలి. ఎన్నడూ గడువు దాటనిచ్చినదాన్ని కాదు. ఈసారి మాత్రం రేపు, ఎల్లుండి అనుకుంటూ వచ్చాను. ఇవాళ పొద్దున గట్టిగా అనుకుని, తలుపు తాళం వేసి, ఎండకు కొంగు తల మీద కప్పుకుని బయలుదేరాను. శెట్టి కొట్టు మెట్టు మీదికి వచ్చేసరికి వెనక నుంచి "ఓయ్" అని వినిపించింది. అక్కడ దాకా వినపడుతుందని ఆమె చెప్పిన మాట నిజమే.

నిలబడ్డాను. శెట్టి త్రాసు పట్టుకుని నా వైపు చూస్తున్నాడు. నేను ఉన్న మాటైతే నిజమే కదా, బ్యాంకులో చెప్పబోయేది కూడా అదే కదా అనిపించింది. ఇంటివైపు తిరిగి "హూఁ" అన్నాను. నా గొంతు బొంగురు. అయినా చేరిందనుకుంటాను.

"మీరు గాదు" అని ఆయన అనలేదు.

బజారులో ఆత్మకూరు బస్సు హారన్ కొట్టింది. నేను ఎడమ చెవి మీది కొంగు తీశాను.